కావాలని వదిలిన అంగుళం

ఆ దర్జీ కోటు కుడితే ఒంటికి రెండో చర్మంలా అతుక్కోవాల్సిందే. ఇరవై ఏళ్లలో అతని కొట్టుకు తిరిగొచ్చిన కోటు ఒక్కటీ లేదు. కానీ గ్రంథాలయంలో పనిచేసే ఆవిడ నీలం కోటు కుట్టించుకోవాలని వచ్చి ఒక్క నవ్వు నవ్వేసరికి, గుండీలు కుట్టే మనిషికి గుండె కుట్లు ఊడిపోయాయి. ఆవిడ మళ్లీ రావాలని కోటు కుడిచెయ్యి కావాలనే అంగుళం పొడుగు ఉంచాడు. వచ్చింది. చెయ్యి సరిచేసి, భుజం వదులు చేశాడు. మళ్లీ వచ్చింది.

"కాఫీకి రమ్మని అడిగి చావరా! నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎన్నాళ్లు కూర్చుంటావు?" అని కొట్లో కాజాలు కుట్టే అతని అక్క దెప్పింది.

మూడోసారి ఆవిడ ఆ కోటు తొడుక్కునే వచ్చింది. అతను నోట్లోంచి సూదులు తీసి గొంతు సవరించుకున్నాడు. ఆవిడే ముందు మాట్లాడింది.

"ఏమీ అనుకోకండి, చెప్పకపోతే బాగోదని వచ్చాను. మీరు విసుక్కోకుండా దిద్దారు గానీ, పని కుదరలేదు. ఎదురు షాపు దర్జీగారు ఒక్క పూటలో సరిచేశారు. తర్వాత..." ఆవిడ సిగ్గుపడింది. "కాఫీకి కూడా పిలిచారు."

కావాలనే చేశానంటే మోసగాడు. ఊరుకుంటే చేతకానివాడు.

"ఈమధ్య చూపు ఆనడం లేదండీ," అన్నాడు.

ఆవిడ జాలిపడి, కొలతల పుస్తకంలో తన కొలతల కిందే కళ్ల డాక్టరు అడ్రసు రాసిపెట్టి వెళ్లింది.

అక్క ఈసారి దెప్పలేదు. సూదిలో దారం తనే ఎక్కించి తమ్ముడి చేతికిచ్చింది.