గడ్డం మీద వ్యాక్స్

దీపికకు గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తాయన్న సంగతి ములకలపల్లిలోని అత్తగారింట్లో ఎవరికీ తెలియదు. అది హార్మోన్ల వల్ల వచ్చేదని, మాత్రలు వాడాలని ఖమ్మం డాక్టరమ్మ పెళ్లికి ముందే చెప్పింది. దీపిక వాళ్లమ్మ మాత్రం ఆ మాట ఎక్కడా ఎత్తొద్దంది.

అందుకే ప్రతి శుక్రవారం, భర్త ఉదయ్ భాస్కర్ పామాయిల్ తోటకు వెళ్లగానే, దీపిక బాత్రూమ్‌లో గడియ పెట్టుకునేది. వేడినీళ్లలో వ్యాక్స్ డబ్బా పెట్టి కరిగించి, గడ్డానికి పూసి, గుడ్డముక్క అతికించి ఒక్క లాగు లాగేది. నొప్పికి మూలుగు వస్తే బయటికి వినపడకుండా కుళాయి తిప్పేది.

భర్తకు చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకుంది. అతను కసురుకునే మనిషి కాదు. కానీ నీ మొహం ఎంత నున్నగా ఉందో అని అతను మురిసిన ప్రతిసారీ ఆమెకు నోరు పెగిలేది కాదు.

పెళ్లయిన ఐదో నెలలో ఒక శుక్రవారం మధ్యలో కరెంటు పోయింది. హీటర్ ఆగి నీళ్లు చల్లారాయి. చిక్కబడ్డ వ్యాక్స్‌నే తొందరలో దట్టంగా పూసుకుంది. లాగితే గుడ్డ సగమే వచ్చింది. మళ్లీ లాగింది. చర్మం లేచి నెత్తురొచ్చింది. చన్నీళ్లు పోస్తే మిగిలిన వ్యాక్స్ ఇంకా బిగుసుకుంది.

అత్త పద్మావతమ్మ తలుపు తట్టింది. కోడలు గంట నుంచి బయటికి రాలేదు, కళ్లు తిరిగి పడిందేమోనని ఆమె భయం. తీయకపోతే పాలేరు సమ్మయ్యను పిలిచి గడియ విరగ్గొట్టిస్తానంది. దీపిక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని తలుపు తీసింది.

పద్మావతమ్మ తువ్వాలు పక్కకు జరిపి చూసింది. కొబ్బరినూనె వేడి చేసి తెచ్చి, దూదితో అద్దుతూ నెమ్మదిగా వ్యాక్స్ ఊడదీసింది. ఆ మెత్తదనానికి దీపిక కరిగిపోయి డాక్టరమ్మ మాట, మాత్రల సంగతి అన్నీ చెప్పేసింది. సాయంత్రం ఆయనకు కూడా చెప్పేస్తానంది.

పద్మావతమ్మ చెయ్యి ఆగింది. "వాడికెందుకు చెప్పడం? నేనున్నాగా. ఇకనుంచి నీ అంతట నువ్వు చేసుకోకు, నేనే చేస్తా."

మధ్యాహ్నం అన్నానికొచ్చిన ఉదయ్ భాస్కర్ ఆ గాయమేందని అడిగాడు. దీపిక నోరు తెరిచేలోగా పోపు చిట్లిందని పద్మావతమ్మ చెప్పింది. అతను నమ్మాడు.

ఆ తరువాత శుక్రవారాలు అత్తవయ్యాయి. ఆమె చెయ్యి తేలిక, నొప్పి తక్కువే. అయితే దీపిక దాచుకుని వేసుకుంటున్న మాత్రలు కొడుకు కంటబడతాయని మాన్పించింది. దాంతో వెంట్రుకలు ముదిరి చెంపలకూ పాకాయి. పుట్టింటికి వెళ్తే వారంలోపే రమ్మనేది. పదిరోజులు అరకు వెళ్దామని ఉదయ్ భాస్కర్ అంటే, తోటలో పని వదిలి ఇప్పుడెందుకని ఆమే కొట్టిపారేసింది.

ఆ సాయంత్రం అతను వసారాలో దీపిక పక్కన కూర్చున్నాడు.

"అమ్మ వద్దంటే నువ్వూ తలూపినవ్. నాతోని రావడం నీకు ఇష్టం లేదా?"

దీపిక అతని మొహంలోకి చూసింది. ఇప్పుడు నిజం చెబితే వెంట్రుకల సంగతి ఒక్కటే చెప్పినట్టు కాదు. రెండు నెలలుగా అతని తల్లీ తనూ కలిసి అబద్ధమాడుతున్నారని చెప్పినట్టు.

"ఒంట్లో బాగుండట్లేదండి," అంది.

అతను లేచి చెప్పులేసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. దీపిక అక్కడే కూర్చుని, అతను మలుపు తిరిగేదాకా చూసింది.