మిషను ఆగినప్పటి చూపు

ఆ వీధిలో ఆమెను అందరూ పరదాలక్క అంటారు. కిటికీలకు, తలుపులకు, ఆసుపత్రి మంచాల చుట్టూ వేలాడదీయడానికి, ఎవరికి ఏ కొలతలో కావాలంటే ఆ కొలతలో పరదాలు కుట్టి ఇస్తుంది. ఆమె అసలు పేరుతో పిలిచే మనిషి తల్లి ఒక్కతే. ఈమధ్య తల్లి కూడా ఆ పేరు మరిచిపోయింది. ఒకసారి "అక్కా" అంటుంది, ఇంకోసారి "టీచరుగారూ" అంటుంది. పరదాలక్క దేనికైనా పలుకుతుంది. పలక్కపోతే ఆ పిలుపు ఆగదు మరి.

వాళ్ళది పై అంతస్తులో ఒకటే పెద్ద గది. ఒక గోడకు కుట్టుమిషను, ఎదుటి గోడకు తల్లి కుర్చీ, మధ్యలో మడత విప్పని గుడ్డల కట్టలు. ముసలావిడకు నిద్ర పట్టాలంటే మిషను చప్పుడు ఉండాలి. తొక్కుతున్నంతసేపూ కునుకు తీస్తుంది. ఆగిందంటే చాలు, కళ్ళు తెరిచి మిషను వైపు చూస్తుంది. పేరు గుర్తులేకపోయినా మనిషి గుర్తున్న చూపు అది. ఉన్నావా అన్నట్టు చూసి, ఉందని తేలాక మళ్ళీ రెప్పలు వాలుస్తుంది. అందుకే పని లేనప్పుడు కూడా, నడుం పట్టేస్తున్నా సరే, పరదాలక్క సూదిలోంచి దారం తీసేసి ఉత్త మిషను తొక్కుతూ కూర్చునేది. కింది వాటావాళ్ళు ఆమెకు పని తెగ వస్తోందని కుళ్ళుకునేవారు.

ఆ వానాకాలం తల్లిని స్నానానికి లేవదీయబోయి ఇద్దరూ కలిసి పడ్డారు. దెబ్బలు పెద్దవేం కావు. కానీ లేవడానికి ఇద్దరికీ చేతకాలేదు. కింది వాటావాళ్ళు వచ్చేదాకా తడి నేలమీద పక్కపక్కన పడుకుని ఉన్నారు. తల్లి మాత్రం, "ఇక్కడ చల్లగా బావుందే" అంది.

ఆ సంగతి తెలిసి తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఇంక చాలక్కా. నీ నడుం సంగతేంటి? మాది కింది వాటా, చక్రాల కుర్చీ గుమ్మందాకా వస్తుంది. నెలాఖరుకు వచ్చి తీసుకెళ్ళిపోతా."

వాడుండేది ఒక పగలంతా రైల్లో కూర్చుంటే వచ్చే ఊరు. పరదాలక్క నోటికి వద్దు అన్న మాట రాలేదు, సరే అన్న మాటా రాలేదు. ఫోన్ పెట్టేశాక ముందు ఒళ్ళంతా తేలికైంది. ఆ తేలికే తరవాత ఆమెను పీక్కుతినడం మొదలుపెట్టింది.

తల్లి వెళ్ళిపోతే ఏం మిగలాలి అని ఆలోచిస్తే ఒక్కటే తోచింది. మిషను ఆగినప్పుడు తనవైపు చూసే ఆ చూపు. ఫొటోలు తీద్దామని ఎన్నిసార్లో ప్రయత్నించింది. ఫోను ఎత్తితే చాలు, ముసలావిడ తనమీద ఏదో విసరబోతున్నట్టు కళ్ళు గట్టిగా మూసేసుకుంటుంది.

ఫ్రేములు కట్టే కొట్టు వెనక గదిలో ఒక చిత్రకారుడు ఉన్నాడు. ఆయిల్ రంగులతో మనుషుల బొమ్మలు వేస్తాడు. డెబ్భై దాటిన మనిషి, ఎప్పుడూ మోకాళ్ళు నిమురుకుంటూ ఉంటాడు. పరదాలక్క ఆయన ముందు ఫోనులో ఫొటోలన్నీ వరసగా జరిపి చూపించింది.

"అన్నిట్లో కళ్ళు మూసుకునే ఉందేంటమ్మా?"

"అందుకే కదా మాస్టారూ మీ దగ్గరికొచ్చింది."

"ఫొటోలో నిద్రపోయే మనిషిని నేనెలా లేపుతాను? ఎదురుగా కూర్చోబెట్టుకుని వెయ్యాలి. ఇక్కడికి తీసుకురా."

"దిగలేదండీ. మీరే రావాలి. పైన ఉంటాం."

"పైనంటే? లిఫ్టు ఉందా?"

"రెయిలింగు ఉంది."

ఆయన ఆమె ముఖంలోకి చూసి నిట్టూర్చాడు. "సరే చెల్లెమ్మా. మెట్ల మీద కూలబడితే మిగతా బొమ్మ నువ్వే వేసుకో."

మర్నాటి నుంచి వచ్చాడు. వెలుతురు కోసం స్టాండు కిటికీ పక్కన పెట్టుకున్నాడు. గదంతా రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన. ముసలావిడ ఆయనను కిందా మీదా చూసింది.

"ఎవరబ్బాయివి నువ్వు?"

"మా నాన్న పోయి చాలా కాలమైందమ్మా."

"అయ్యో. భోంచేశావా మరి?"

ఆయన కుంచె తీసినప్పుడల్లా ఇదే ప్రశ్న. మొదట్లో చేశానన్నాడు, తరవాత చెయ్యలేదన్నాడు. ఏం చెప్పినా ఆవిడ, "సరేలే, మా అక్క పెడుతుంది" అని పరదాలక్కకు పురమాయించి నిద్రలోకి జారుకునేది. ఆవిడ నిద్రలో ఉండగానే ఆయన బూడిదరంగు శాలువా, పలచబడ్డ జుట్టు, ఒళ్ళో ఒకదానిమీద ఒకటి పెట్టుకున్న చేతులు వేసేశాడు. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి పరదాలక్కకు చెప్పాడు.

"ఇప్పుడు ఆపు."

మిషను ఆగింది. ముసలావిడ కళ్ళు తెరిచింది. ఆయన చేయి గబగబా ఆడింది.

"తొక్కు. ఊఁ, ఇప్పుడు ఆపు."

అలా తొక్కిస్తూ ఆపిస్తూ కళ్ళు పూర్తిచేశాడు. తమ్ముడు రావడానికి ఇంకా రెండు రోజులుందనగా, "వచ్చి చూసుకో" అన్నాడు.

పరదాలక్క చేతులు తుడుచుకుని వచ్చి బొమ్మ ముందు నిలబడింది. అమ్మే. సందేహం లేదు. పైపెదవి మీద పుట్టుమచ్చతో సహా అమ్మే. అదే చూపు కూడా. కానీ ఆ చూపు ఎటో పక్కకు వెళుతోంది. ఆమె ఎడమకు జరిగింది. కుడికి జరిగింది. వెనక్కి నడిచి మిషను దగ్గర నిలబడి మెడ చాచి చూసింది. అమ్మ అక్కడున్న ఎవరినో చూస్తోంది, ఆ ఎవరో మాత్రం తను కాదు.

"నావైపు చూడట్లేదు మాస్టారూ."

"నువ్వు అటుమూల ఉన్నావు, ఆవిడ అటే చూసింది. చూసిందే వేశాను."

"గోడకు తగిలించాక నేను ఆ మూలకెళ్ళి నిలబడితే?"

"లాభం లేదు. బొమ్మలో పక్కకు చూసే కళ్ళు నువ్వెక్కడ నిలబడ్డా పక్కకే చూస్తాయి. వేసేవాడి కళ్ళల్లోకి చూస్తేనే ఆ తరవాత అందరి కళ్ళల్లోకీ చూస్తాయి."

పరదాలక్క గుడ్డల కట్టమీద కూలబడింది. ఏడుద్దామంటే అందుకూ ఓపిక లేదు. "ఆ నల్లగుడ్డు కాస్త ఇటు జరపలేరా? ఒక వెంట్రుకంత?"

"జరపగలను. రోజూ చేసే పనే." ఆయన కుంచె గుడ్డతో తుడిచాడు. "కానీ అప్పుడది నన్ను చూసే చూపవుతుంది. నన్నెలా చూస్తుందో నీకు తెలుసుగా, ఎవరబ్బాయివి అని. రోజూ ఆ చూపు ముందు కూర్చుంటావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. తరవాత లేచి మిషను దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ దాని బల్లకు ఆనించి తోసింది. అది కదల్లేదు.

"ఏం చేస్తున్నావు?"

"దీన్ని మీ ముందుకు తెస్తున్నా. నేను ఇక్కడ కూర్చుంటా, మీరు నా వెనక నిలబడి వెయ్యండి. నన్ను చూస్తే మిమ్మల్ని చూసినట్టే కదా?"

ఆయన ఒకసారి స్టాండునూ ఒకసారి కుర్చీనీ చూశాడు. వేసిన కళ్ళు చెరపాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. "నాకు మోకాళ్ళు లేవు, నీకు నడుం లేదు. ఇద్దరం కలిసి ఇనప మిషను జరుపుతామా?"

"పట్టండి మాస్టారూ."

పట్టారు. జానెడు జరపడం, ఆగి రొప్పడం, మళ్ళీ జానెడు. గది మధ్యకు వచ్చేసరికి ఇద్దరూ మిషనుకే ఆనుకుని నిలబడ్డారు. ముసలావిడ ఈ తతంగమంతా చూస్తూ, "ఇల్లు మారుతున్నామా?" అని అడిగింది.

చిత్రకారుడు పరదాలక్క వెనక నిలబడి, "తల దించు, నీ కొప్పు అడ్డం" అన్నాడు. ఆమె తల దించింది. వెనక నుంచి చిన్న కత్తి కాన్వాసు మీద గీకుతున్న చప్పుడు వచ్చింది. ఇందాకటి కళ్ళు చెరిపేస్తున్నాడు. ఆ చప్పుడు వినలేక ఆమె గట్టిగా మిషను తొక్కింది. ఎదురుగా తల్లి తల మెల్లిగా వాలింది.

"ఆపు."

ఆపింది. తల్లి కళ్ళు తెరిచింది. ఇన్నేళ్ళూ గదికి అవతలి గోడ నుంచి వచ్చిన చూపు ఇప్పుడు రెండడుగుల దూరంలో ఉంది. ఉన్నావా అంటోంది. ఉన్నానమ్మా అని పరదాలక్క పెదవులు కదిపింది.

"తొక్కు."

ఆ మధ్యాహ్నమంతా అదే వరస. లేపడం, నిద్రపుచ్చడం. కంటినిండా కునుకు లేకుండా చేస్తున్నామే అని పరదాలక్క లోలోపల కుమిలిపోతోంది. ఇంక చాలు మాస్టారూ అనబోయేది, అంతలోనే ఇంకొక్కసారి అనుకునేది. ఆయన కూడా ఒక్కసారంటే ఒక్కసారి అంటూనే ఉన్నాడు. చివరికి ముసలావిడే విసుక్కుంది.

"అక్కా, ఆ మిషనుకేం రోగం? పదిమార్లు ఆగిపోతోంది. బాగుచేయించరాదూ?"

వెనక చిత్రకారుడు పగలబడి నవ్వాడు. "అయిపోయింది తల్లీ, బాగైపోయింది" అని కుంచె కింద పెట్టాడు.

పరదాలక్క లేచి వెనక్కి తిరిగింది. కుడికీ జరగలేదు, ఎడమకీ జరగలేదు. ఆ అవసరం రాలేదు.

"ఇంకా పచ్చిగా ఉంది, ముట్టుకోకు," అన్నాడాయన మెట్లకేసి దిగులుగా చూస్తూ. "దుమ్ము పడుతుందని గుడ్డ కప్పేవు, అంటుకుని కూర్చుంటుంది. ఆరడానికి నెలలు పడుతుంది. పరదాలు కుట్టే చేతులు, చెప్పకపోతే దీనికీ ఒకటి కుట్టేస్తావు."

"కుట్టనండీ. భోంచేసి వెళ్ళండి."

"అదిగో, నువ్వూ మొదలెట్టావా?"

తమ్ముడు అనుకున్న రోజునే వచ్చాడు. బొమ్మ ముందు నిలబడి, "అబ్బ, నన్నే చూస్తోందక్కా!" అన్నాడు. నన్నేరా, అని నోటిదాకా వచ్చింది కానీ పరదాలక్క మింగేసింది. చూడనీ, వాడికీ అమ్మే కదా.

బయల్దేరేముందు తల్లిని కూడా బొమ్మ దగ్గరికి తీసుకొచ్చారు. ముసలావిడ చాలాసేపు తేరిపార చూసింది.

"ఎవరావిడ?"

"నువ్వేనమ్మా," అన్నాడు తమ్ముడు.

"నేనెందుకవుతాను? పాపం, ఎన్నాళ్ళనుంచి నిద్ర లేదో. చూడు ఆ కళ్ళు." పరదాలక్క చెయ్యి పట్టుకుని మెల్లిగా చెప్పింది, "పడుకోబెట్టవే ఆవిడని."

తమ్ముడు తల్లిని ఎత్తుకుని మెట్లు దిగాడు. వెనక సంచీ పట్టుకుని పరదాలక్క. దిగుతున్నంతసేపూ తల్లి ఒకసారైనా తలెత్తుతుందేమోనని చూసింది. ఆవిడ కొడుకు చొక్కా గుండీ తిప్పుతూ దాన్నే చూసుకుంటూ వెళ్ళిపోయింది. బండి మలుపు తిరిగాక పరదాలక్క పైకొచ్చి, కుర్చీ ఉన్న గోడకు బొమ్మ తగిలించింది. మిషను గది మధ్యలోనే ఉండిపోయింది. వెనక్కి జరపడానికి రెండో మనిషి లేదు.

వారం తిరక్కుండానే మధ్యాహ్నం ఫోను మోగింది.

"అక్కా, అమ్మ అస్సలు నిద్రపోవట్లేదు." తమ్ముడి గొంతు బొంగురుపోయి ఉంది. "ఆ చప్పుడేది, ఆ చప్పుడేది అంటుంది. బట్టలుతికే మిషను వేశాం. ఫ్యాను కిర్రుమనిపించాం. మీ మరదలు మిక్సీ ఉత్తదే తిప్పింది, పక్కింటివాళ్ళొచ్చి తలుపు బాదారు. నీ దగ్గరెలా పడుకునేదక్కా?"

"ఫోను ఆవిడ దిండు పక్కన పెట్టు," అంది పరదాలక్క.

తను కూడా ఫోను మిషను బల్లమీద పెట్టి, సూదిలోంచి దారం తీసేసి తొక్కడం మొదలుపెట్టింది. ఎదురుగా గోడమీద అమ్మ తనవైపే చూస్తోంది. నడుం ముందు సలిపింది, తరవాత మొద్దుబారింది. మడమలు వాటంతటవే ఆడుతున్నాయి. ఎంతసేపు తొక్కిందో ఏమో, ఫోనులోంచి గుసగుసగా తమ్ముడి గొంతు వినిపించింది.

"పడుకుందక్కా. గురక కూడా పెడుతోంది. ఇంక ఆపెయ్."

"నేనాపితే లేస్తుందిరా. ముందు నువ్వు సౌండు కొంచెం కొంచెంగా తగ్గించి ఫోను పెట్టేయ్. తరవాత ఆపుతా."

"సరే అక్కా. ఉంటా."

ఫోనులో వెలుగు ఆరిపోయింది. పరదాలక్క ఇంకాసేపు తొక్కింది, ఎందుకైనా మంచిదని. తరవాత చక్రం మీద చెయ్యి వేసి, చప్పుడు కాకుండా మెల్లిగా ఆపింది.

తలెత్తింది. అమ్మ మేలుకునే ఉంది.

"ఉన్నానమ్మా," అని ఆమె చేతులు బల్లమీద మడుచుకుని, వాటిమీద తల వాల్చి, అలాగే కళ్ళు మూసుకుంది.