అరవయ్యో కార్డు

పొద్దున్నే లేచి తొమ్మిది రకాలు వండటాన్ని మా ఇంట్లో పని అనరు, పండగ అంటారు. ఆ శ్రావణ శుక్రవారం నేను నాలుగింటికి లేచాను. పూర్ణాలకు పప్పు ఉడకబెట్టి, బెల్లం వేసి దగ్గరపడేదాకా కలిపి, గారెలకు రుబ్బి, పులిహోరకు చింతపండు పులుసు దించి, పరమాన్నం పొయ్యి మీద పెట్టేసరికి నిరంజన్ లేచి వచ్చాడు. "ఇల్లంతా ఎంత కమ్మటి వాసనో. పండగంటే ఇదీ" అని కాఫీ అడిగాడు. మా ఆయన మంచివాడు. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానంటే, ఇప్పుడు నా నోటికి కూడా అదే వచ్చేస్తుంది. తాగడు, అరవడు, ఇక్కడ దోహాలో, లుసైల్‌లో ఆఫీసు నుంచి తిన్నగా అల్ రయ్యాన్‌లో ఇంటికి వస్తాడు. వచ్చి సోఫాలో కూర్చుంటాడు. కాకినాడ నుంచి మూడు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన మా అత్తగారు సీతాలక్ష్మి గారు కూడా మంచివారే. కూరలు తరిగి పెడతారు, నాకు జడ వేస్తానంటారు. ఇంతమంది మంచివాళ్ళ మధ్య ఉన్న ఆడది ఎవరి మీద, ఏమని చెప్పుకుంటుంది?

పెళ్ళికి ముందు నేను కాకినాడలోనే ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. ఇక్కడికొచ్చి ఏడేళ్ళు. ఏ ఫారం వచ్చినా వృత్తి అన్న గడిలో నిరంజన్ నన్ను అడగకుండానే గృహిణి అని నింపేస్తాడు. మన ఆడవాళ్ళ ఫోన్లలో నా నంబరు నిరంజన్ మిసెస్ అని ఉంటుంది. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, కింది అంతస్తులో ఉండే నజియా నన్ను కూర్చోబెట్టి ఒక ఆట నేర్పింది. నజియాది నిజామాబాద్, ఇక్కడొక క్లినిక్ రిసెప్షన్‌లో డ్యూటీ. ఆట పేరు సెవెన్ ఐల్స్. ఏడు దీవులు, వాటి రాజులు, మంత్రగత్తెలు, రెక్కల పాములు, ఒక్కొక్కరికి ఒక్కో కార్డు. అలాంటివి వేలున్నాయి. వాటిలోంచి అరవై ఏరుకుని మన డెక్ మనం కట్టుకోవాలి, ఎదుటివాళ్ళ డెక్‌తో పోరాడాలి. నాకు మొదటి రోజే అర్థమైపోయింది, ఇది నా సబ్జెక్టే. అరవైలో ఏ కార్డు ఎన్నోసారికి చేతికి వస్తుంది, వచ్చే అవకాశం ఎంత, రాకపోతే ఏం చేయాలి. నాలుగేళ్ళుగా గృహిణి అన్న గడిలో ముడుచుకుని కూర్చున్న నా బుర్ర లేచి ఒళ్ళు విరుచుకుంది. ఆ రోజు సాయంత్రం చపాతీలు మాడ్చాను. నిరంజన్ "ఏమైంది, ఒంట్లో బాగాలేదా" అన్నాడు. అంత సంతోషంగా ఉన్నానని ఎలా చెప్పను?

నా దగ్గరున్న కార్డులన్నీ మార్పిడి మీద వచ్చినవే. నజియా తన దగ్గర రెండేసి ఉన్నవాటిలో ఒక్కొక్కటి నాకిచ్చింది, వాటిని ఇచ్చి ఇంకొకటి, దాన్నిచ్చి మరొకటి. ముషైరిబ్‌లో ఒక చిన్న షాపుంది. శనివారాలు అక్కడ బల్లలు వేసి ఆడతారు, ఫిలిప్పీన్స్ నర్సులు, శ్రీలంక అకౌంటెంట్లు, మన హైదరాబాద్ వాళ్ళు, అందరూ. అక్కడ నన్ను చరిత అనే పిలుస్తారు. అక్కడికి నేను మెట్రోలో వెళ్ళి మెట్రోలో వచ్చేస్తాను, వెళ్ళేముందు వంట చేసి, వచ్చాక గిన్నెలు కడిగి. నిరంజన్ వద్దనలేదు. "పిల్లలాటే కదా, ఆడుకో" అన్నాడు. ఆఫీసు వాళ్ళు అడిగితే మాత్రం యోగా క్లాసుకు వెళ్తుందని చెప్పేవాడు. ఒకసారి వాళ్ళ మేనేజరు సుధాకరరావు గారి భార్య భావన గారు నన్ను ఏ ఆసనాలు వేస్తారని అడిగితే, నేను నోటికొచ్చిన నాలుగు పేర్లు చెప్పాను. అబద్ధం ఆయనది, సిగ్గు నాది.

నా డెక్ చూసి మొదట్లో అందరూ నవ్వారు. అందులో ప్రాణంలాంటి కార్డు దీపాల అవ్వ. చిన్న పడవలో లాంతరు పట్టుకుని కూర్చున్న ముసలమ్మ బొమ్మ. చేతిలో మిగతా కార్డులన్నీ అయిపోయాక గానీ ఆమె పని చేయదు, అందుకే ఎవరూ వాడరు. నేను మాత్రం ఎంత తొందరగా చెయ్యి ఖాళీ చేసుకోవచ్చో లెక్క కట్టి, మిగతా యాభై తొమ్మిదీ ఆమె చుట్టూ ఏరుకున్నాను. ఆమె కోసం ఒక నర్సుకు ఏడు కార్డులిచ్చాను. ఈ ఏడాది పోటీల్లో ఆ డెక్‌తోనే నలభై మందిలోంచి చివరి ఎనిమిది మందిలోకి వచ్చాను. ఆ ఎనిమిది మంది ఆట వ్రతం మర్నాడు, శనివారం పదకొండు గంటలకు. అరవై కార్డుల పేర్లూ ముందే రాసి ఇచ్చేశాం. ఇక అందులో ఒక్కటి మార్చడానికి లేదు, ఒక్కటి తగ్గడానికీ లేదు. డెక్‌ను నీలం పెట్టెలో పెట్టి హాల్లో పుస్తకాల షెల్ఫు మీద ఉంచాను. "రేపు నేను వెళ్ళాలి, గుర్తుంది కదా" అని నిరంజన్‌కి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "ఊఁ" అన్నాడు.

సాయంత్రం పేరంటానికి పదిహేను మంది వస్తారనుకుంటే ఇరవై నాలుగు మంది వచ్చారు, వెంట పదకొండు మంది పిల్లలు. పూర్ణాలు చాలవని అత్తయ్యగారు కంగారుపడితే నేను మళ్ళీ బాణలి పెట్టాను. వంటింట్లోకి ఏసీ రాదు, పట్టుచీర వీపుకు అతుక్కుపోయింది. రెండో వాయి దించి హాల్లోకి వచ్చేసరికి, అందరి కాళ్ళకూ పసుపు రాసే పని నా కోసం ఎదురుచూస్తోంది. భావన గారి ముందు కూర్చుని ఆమె పాదాలకు పసుపు రాస్తూ తల ఎత్తాను. పక్కన వాళ్ళ పాప నిలబడి ఉంది. ఒక చేతిలో తమలపాకూ అరటిపండూ, రెండో చేతిలో దీపాల అవ్వ.

పిల్లలకని పెన్సిల్ డబ్బాలు తెస్తానన్నది నిరంజన్. మర్చిపోయాడు. అత్తయ్యగారు కొడుకును అడిగారు, ఇప్పుడేం చేద్దాంరా అని. "ఆ షెల్ఫు మీద నీలం పెట్టెలో బొమ్మల కార్డులున్నాయి, అవిచ్చెయ్" అన్నాడట. ఆవిడ వాటి ప్లాస్టిక్ తొడుగులు తీసేసి, ఒక్కో కార్డుకూ ఓ మూల కుంకుమ బొట్టు పెట్టి, ఆకూ వక్కా పండుతో పిల్లలకు తాంబూలమిచ్చారు. పెద్దవాళ్ళకు లాగే వాళ్ళ చేతా "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనిపించారు. పిల్లలు నవ్వుతూ అన్నారు, తల్లులు ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. పక్కగదిలో నేను నూనె ముందు నిలబడి ఉన్నాను. ఇద్దరిలో ఒక్కరికి కూడా పది అడుగులు వేసి నన్ను అడగాలని తోచలేదు.

అంతమంది ముందు పిల్ల చేతిలోంచి లాక్కోలేక, అందరూ వెళ్ళాక అడిగాను. అత్తయ్యగారి మొహం నిజంగానే వాడిపోయింది. "నాకేం తెలుసమ్మా, పెట్టెడు ఉన్నాయి కదా అనుకున్నాను. ఒక్కొక్కళ్ళకీ ఒక్కోటే ఇచ్చాను, అన్నీ ఇచ్చేయలేదు" అన్నారు.

"నన్నొక్క మాట అడగాల్సింది అత్తయ్యగారూ."

"నువ్వు వంటలో ఉన్నావు కదా, మళ్ళీ నిన్ను కదపడం ఎందుకని వాడే అన్నాడు."

నిరంజన్ అప్పటికే టీవీ పెట్టుకున్నాడు. "నీకు పని పెంచకూడదనే కదా చరితా" అన్నాడు.

నేను నజియాకు ఫోన్ చేశాను. మొత్తం విని, "నువ్వేం ఫికర్ జెయ్యకు. ఏమేం పోయినయో పేర్లు రాసి పంపు, నేను అడుగుత అందర్నీ" అంది. రాత్రి పది కాకముందే పది కార్డులు దొరికాయి. రేపు నాకు పోటీగా ఆడబోయేవాళ్ళు కూడా తమ దగ్గరున్న రెండోది ఇస్తామన్నారు. పదకొండోది ఎవరి దగ్గరా లేదు. "ఆ అవ్వ దోహాలో నీ ఒక్కదాని దగ్గర్నే ఉంది గదా. పోయి అడుగు ఆ మేడమ్‌ని, ఏమైతది? పిల్లకు ఇంకోటి ఇద్దాం" అంది నజియా. అవును, ఏమవుతుంది? గదిలోకి వెళ్ళి నిరంజన్‌తో అన్నాను. అత్తయ్యగారి ముందు ఆయన్ని మీరు అంటాను, గదిలో నువ్వు.

"నువ్వే ఒకసారి సుధాకరరావు గారితో చెప్పు. పొరపాటున ఇచ్చామని."

"మేనేజరు ఇంటికి ఫోన్ చేసి, వాయనంలో ఇచ్చిన కార్డు ముక్క వెనక్కిమ్మని అడగమంటావా?"

"సరే, నేను అడుగుతాను."

"వచ్చే నెల అప్రైజల్ ఉంది. కాస్త ఆలోచించు." దుప్పటి విప్పుతూ, "యోగా అని చెప్పాం కదా వాళ్ళకి" అన్నాడు.

బయటి నుంచి అత్తయ్యగారు, "వాయనమిచ్చింది తిరిగి అడగకూడదమ్మా, ఇంటికి మంచిది కాదు" అన్నారు. ఏ ఇంటికి, అని నాకు అడగాలనిపించింది. ఈ ఇంట్లో నాదని చెప్పుకునేది ఒక్క నీలం పెట్టె. దాన్ని కూడా పక్క గదిలో నేనుండగానే పంచిపెట్టారు. అడగడానికి నోరు రాలేదు. నోరు రాకపోవడం నాకు కొత్త కాదు. ఏదైనా గట్టిగా అనబోతే వీళ్ళు అంత మెత్తగా చూస్తారు, తప్పు నాదేమోనని నాకే అనిపిస్తుంది. కొట్టే మనిషైతే తిట్టిపోసేదాన్ని. దుప్పటి కప్పి, ఫ్యాను తగ్గించి, "నిద్రపో, రేపటికి మర్చిపోతావు" అనే మనిషిని ఏం చేయాలి?

శనివారం పొద్దున ఎనిమిదికి నిరంజన్ ఆఫీస్ కాల్ అని బాల్కనీలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆగస్టు ఎండలో బాల్కనీలో నిలబడి ఎవరూ ఆఫీసు మాటలు మాట్లాడరు, అయినా నాకప్పుడు తట్టలేదు. ఆయన లోపలికి వచ్చి స్నానానికి వెళ్ళాక నేను భావన గారికి ఫోన్ చేశాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని మరీ చేశాను.

"చరిత గారా? ఇప్పుడే మావారు చెప్పారండీ. నిరంజన్ గారు ఫోన్ చేశారట. మీరు కాల్ చేస్తారనీ, ఏమీ అనుకోవద్దనీ. ఉపవాసం, వంట, అన్నీ ఒక్కరే చేసుకుని నీరసపడి ఏదో బెంగ పెట్టుకున్నారట కదా. రెస్ట్ తీసుకోండి."

"నాకేం నీరసం లేదండీ. నిన్న మీ పాపకిచ్చిన కార్డు నాది. ఈ రోజు నాకు దాంతో పనుంది. నేనే వచ్చి తీసుకుంటాను. దానికి బదులు పాపకు మంచివి ఇస్తాను."

ఆమె చంటిపిల్లను బుజ్జగించే గొంతుతో అంది. "మా అత్తగారు దాన్ని దేవుడి దగ్గర పెట్టేశారండీ. శ్రావణ శుక్రవారం కుంకుమతో ఇంటికొచ్చింది, ఎలా తీసి ఇవ్వమంటారు చెప్పండి? మీరు కూడా ఇలా అడగకూడదు కదా. పడుకోండి కాసేపు."

ఫోన్ పెట్టేశాక నేను వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. కార్డు పోయినందుకు ఏడుపు రాలేదు. నేను నోరు తెరవకముందే నా మాటకు విలువ లేకుండా చేసేసి, తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడే, అందుకు వచ్చింది. ఇక నేను ఎవరికి ఏం చెప్పినా నీరసమే. కోపం వచ్చినా నీరసమే. బాత్రూములోంచి నీళ్ళ చప్పుడు వినబడుతోంది.

పదింటికి చీర మార్చుకుని, నీలం పెట్టె సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కున్నాను.

"ఎక్కడికి? ఆ కార్డు లేకుండా ఆడనివ్వరన్నావుగా" అన్నాడు నిరంజన్.

"ఆడనివ్వరు."

"మరి?"

నాకూ తెలియదు. "అన్నం వండలేదు" అన్నాను. అదొక్కటే చెప్పగలిగాను.

ముషైరిబ్ స్టేషన్ మెట్ల దగ్గర నజియా పది కార్డులూ పట్టుకుని నిలబడి ఉంది. "ఇయ్యలేదా?" అంది. తల ఊపాను. కార్డులు నా చేతిలో పెట్టి, నా పక్కనే నడిచింది. షాపులో బోర్డు మీద ఎనిమిది పేర్లున్నాయి. నాలుగో బల్ల దగ్గర నా పేరు. అక్కడ అన్నీ చూసుకునేది గయాజ్ భాయ్, హైదరాబాద్ ఆయన. నా కార్డులు బల్ల మీద పరిచి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"యాభై తొమ్మిదే ఉన్నాయి సిస్టర్."

"అవును భాయ్."

"అరవయ్యోది?"

"ఇంట్లో ఇచ్చేశారు." ఎవరు, ఎవరికి అని చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆపుతానో నాకే తెలియదు.

ఆయన మొహంలో జాలి కనబడింది. వంగి, నాతో ఆడాల్సిన, ఎదురుగా కూర్చున్న కుర్రవాడికి వినబడకుండా నెమ్మదిగా అన్నాడు. "ఒక పని చేస్తా. మీరు ఈ రోజు రానేలేదని రాసేస్తా. అప్పుడు మీ రికార్డులో ఓటమి పడదు, పేరు సాఫ్‌గా ఉంటుంది. మీకే మంచిది. ఎవరికీ తెలియదు, నిమ్మళంగా ఇంటికి పోండి."

ఆయనా మంచివాడే. నేను కుర్చీ లాక్కుని నాలుగో బల్ల ముందు కూర్చున్నాను. పరిచిన కార్డులు పోగు చేసి ముందు పెట్టుకున్నాను.

"వచ్చానని రాయండి భాయ్" అన్నాను. "వచ్చి ఓడిపోయానని రాయండి. రాలేదని మాత్రం రాయకండి."