బల్లి ఎక్కక్కర్లేని గోడ

ఎత్తైన ఆ భవనం బయటి గోడకు తాళ్ళతో వేలాడుతూ పగుళ్ళు వెతకడం, కనబడినవాటిని పూడ్చడం అతని పని. అందరూ అతన్ని బల్లి అంటారు. కింద కొత్త గోడలకు నీళ్ళు కొట్టే అతని భార్య మాత్రం, అతను నడుముకు తాడు కట్టుకున్న ప్రతిసారీ అదే కడసారి చూపన్నట్టు చూసేది. పైకెళ్ళాక మనిషి చీమంత. చీమ కదిలితే ఒక భయం, కదలకపోతే మరో భయం.

అందుకే ఇంజనీరు డ్రోన్ తెచ్చి, "ఇక గోడని ఇదే చూసుకుంటుందక్కా," అనేసరికి ఆమెకు ప్రాణం లేచివచ్చింది. కానీ అది పెట్టెలోంచి బయటికొస్తే కదా!

"అది యజమాని కన్ను. ఎగిరిందా, మావాళ్ళు పని ఆపేస్తారు," అన్నాడు మేస్త్రి.

"అది చూసేది గోడని అన్నయ్యా, నిన్ను కాదు," అందామె.

"నేను కునుకు తీసేది ఆ గోడ నీడలోనే కదమ్మా!"

కునుకు వేళ ఎగరకూడదని ఒప్పందం కుదిర్చింది. "నా లంగాలు లోకమంతా చూడాలా?" అని పక్కమేడావిడ విరుచుకుపడితే, ఆరేసిన బట్టలు ముందే వచ్చి తీసి మడతపెడతానంది. పైవాళ్ళ అనుమతి రాలేదని నసిగిన ఇంజనీరుకు, అది వచ్చేదాకా రోజూ ఎదురుపడింది.

చివరికి డ్రోన్ ఎగిరింది. గోడంతా తుమ్మెదలా తిరిగి, బల్లి కంటికి ఎన్నడూ ఆనని వెంట్రుకవాసి పగుళ్ళను కూడా పట్టుకొచ్చింది.

"మరి వాటిని అదే పూడుస్తుందా బాబూ?"

"అది చూడటం వరకే అక్కా. పూడ్చడానికి బావ ఉన్నాడుగా!"

ఎప్పుడో ఓసారి ఎక్కేవాడు ఇప్పుడు రోజూ ఎక్కుతున్నాడు. "మొగుడికి చేతినిండా పని చూసిపెట్టావు," అని మేస్త్రి మెచ్చుకున్నాడు.

ఆమె ఏడుపుమొహం చూడలేక ఇంజనీరు ఓ పూట డ్రోన్‌ని బల్లి వైపు తిప్పి, చేతిలోని తెర ఆమె ముందు పెట్టాడు. చీమ ఉండాల్సిన చోట మొగుడి మొహం! "పైన ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఉంటానే," అని ఇంట్లో మూలిగే మనిషి, గాలికి ఊగుతూ, ఏదో పాడుకుంటూ పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు. ఇన్నేళ్ళూ తను కళ్ళనీళ్ళతో సాగనంపింది ఈ మనిషినేనా! ఒళ్ళు మండింది. మండుతూనే ఎందుకో చల్లబడింది.

"ఇంకాస్త దగ్గరికి పోనివ్వనా అక్కా?"

"వద్దు బాబూ, వెనక్కి తెచ్చెయ్యండి. నేను చూస్తున్నానని తెలిస్తే, పాపం, మళ్ళీ భయపడాల్సొస్తుంది."