వదిన చేతిలో పది వంపులు

పది ఇంగ్లీషు మాటలు. వారం రోజుల గడువు. నేర్చుకుంటే కొత్త మెషిన్ వదినది. లేకపోతే పన్నెండేళ్లు స్ప్రింగులు చుట్టిన చేతులు ఇక ప్యాకింగులో అట్టపెట్టెలకు టేపు అంటించుకోవాలి.

స్ప్రింగుల ఫ్యాక్టరీ మాది. అంటే మేం పనిచేసేది. నేను స్టోర్స్‌లో చీటీలు రాస్తాను, మా అన్న భార్య మెషిన్ మీద. కొత్త మెషిన్ తెర నిండా ఇంగ్లీషే. తీగ ఎలా వంగాలో దాని పేరు ఎంచి నొక్కాలి: ఆర్క్, లూప్, హుక్, ట్విస్ట్, స్పైరల్... తప్పు పేరు నొక్కితే తీగ మొత్తం పాడు. అందుకే హెడ్డాఫీసు అధికారి వచ్చి పరీక్ష పెడతాడన్నారు.

మొదటిరోజు కాగితం మీద రాసి వల్లె వేయించాను. తెల్లారేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"నోట్లో వేసుకుంటే కరిగిపోతున్నాయి పంతులమ్మా. చేతికివ్వు," అంది వదిన.

కాసేపటికిగానీ నాకు తట్టలేదు. మా షెడ్డులో మెషిన్ల మోతకి పక్కవాళ్ల అరుపు కూడా వినపడదు. అందరి చెవుల్లోనూ బిరడాలే. నీళ్లు కావాలన్నా, తీగ అయిపోయిందన్నా పన్నెండేళ్లుగా వదిన చేత్తోనే చెబుతోంది.

ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర మళ్లీ కూర్చున్నాం. "ఆర్క్, అంటే విల్లు వంపు" అన్నాను. కారు అద్దం మీద వైపర్‌లా ముంజేయి ఇటునుంచి అటు తిప్పింది. "హుక్" అంటే చూపుడువేలు వంచింది. "ట్విస్ట్" అంటే తడిగుడ్డ పిండినట్టు రెండు పిడికిళ్లూ మెలిపెట్టింది. లూప్ అంటే ఉచ్చు అని చెబితే, గాలిలో వేలితో సున్నా చుట్టి టక్కున పిడికిలి బిగించింది. ఆ బిగింపు చూసి నా మెడ నేనే తడుముకున్నాను.

అన్న గుమ్మంలో నిలబడ్డాడు. "ఏంటీ, దోమలు తోలుకుంటున్నారా?"

"మీ చెల్లెలు ఇంగ్లీషు నేర్పుతోంది. అడ్డు తప్పుకోండి, మాటలకి గాలి ఆడాలి!"

పేచీ వచ్చింది స్పైరల్ దగ్గర. "దోమలకి వెలిగించే చక్రం ఉందిగా, అదే స్పైరల్," అన్నాను.

"కొట్టువాడు కాయిల్ అంటాడు కదే!"

"అననీ. రూపం మాత్రం స్పైరల్. మధ్యలోంచి బయటికి పెద్దదవుతూ పోతుంది. మన స్ప్రింగు అలా కాదు, ఒకే లావున పైకి ఎక్కుతుంది. అది హెలిక్స్."

వదిన దోమల చక్రాన్నీ స్ప్రింగునీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. బల్ల మీద వేలితో పెద్దవవుతున్న చుట్లు గీసింది. తర్వాత అదే వేలిని తిప్పుతూ తలకన్నా పైకి తీసుకెళ్లింది.

"ఒకటి పరుచుకుంటుంది, ఒకటి ఎక్కుతుంది. ఎంత చక్కగా విడదీసి పేర్లు పెట్టుకున్నారే! లక్షల స్ప్రింగులు చుట్టాను, నా చేతిలో పుట్టినదాని పేరు నాకే తెలీదు చూడు."

"మనకీ ఉన్నాయిగా వదినా, మెలిక, చుట్ట, సుడి, కొక్కెం..."

"ఉన్నాయి. వాటి పక్కనే వీటినీ దాచుకుంటా."

ఆరోరోజుకి పదికి పదీ వచ్చేశాయి. నేను మాట ఎత్తడమే ఆలస్యం, చేయి కదిలేది. చేయి కదిలితే పేరు దానంతటదే నోటికొచ్చేది.

పరీక్ష రోజు. ఆఫీసు గదిలో సూది పడినా వినపడేంత నిశ్శబ్దం. నమూనాల పళ్లెం పట్టుకుని నేను అద్దం తలుపు బయట నిలబడ్డాను. అధికారి మొదటి బొమ్మ చూపించాడు. వదిన ముంజేయి లేచింది.

"చేతులు ఒళ్లో పెట్టుకోండమ్మా. బయటివాళ్లకి సైగలు చేస్తే కుదరదు," అన్నాడు, నావైపు ఓరగా చూస్తూ.

వదిన చేతులు ఒళ్లోకి వెళ్లాయి. వాటితోపాటే మాటలూ వెళ్లిపోయాయి. పది బొమ్మలకి రెండే చెప్పగలిగింది. అధికారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికి వచ్చిన వదిన నా మొహం చూడలేదు.

అధికారి కొత్త మెషిన్ నడక చూస్తానన్నాడు. మేస్త్రీ మెషిన్ వేశాడు. షెడ్డు దద్దరిల్లింది. నేను పళ్లెంతో స్తంభం దగ్గర, వదిన మెషిన్‌కి అవతల. అధికారి వంగి తెర చూస్తున్నాడు.

అప్పుడే వదిన చేయి లేచింది. గాలిలో సున్నా. టక్కున పిడికిలి. వేలు కిందికి, అధికారి కాలివైపు.

లూప్!

చూశాను. పెద్ద చుట్ట నుంచి జారిన తీగ నేల మీద ఉచ్చులా పడి ఉంది. అధికారి బూటు సరిగ్గా దాని మధ్యలో. మెషిన్ తీగని లాగుతోంది, ఉచ్చు చిన్నదవుతోంది. అరిచినా లాభం లేదు. పళ్లెం వదిలేసి, మెషిన్లన్నీ ఆపేందుకు స్తంభానికున్న ఎర్ర బటన్ మీద అరచేత్తో కొట్టాను.

షెడ్డంతా ఒక్కసారిగా ఆగింది. తీగ చీలమండని తాకి నిలిచింది.

అధికారి మెల్లగా కాలు బయటికి తీసుకున్నాడు. నుదుటి మీద చెమట. "మీకెవరు చెప్పారు?"

"మా వదినే సార్. ఇంగ్లీషులోనే చెప్పింది."

"నాకేం వినపడలేదే!"

"అది వినపడదు సార్. కనపడుతుంది."

ఆయన వదిన చేతులవైపు చూశాడు. స్టూలు లాక్కుని కూర్చుని, జేబులోంచి కాగితం తీశాడు. "మళ్లీ మొదటినుంచి అమ్మా. చేతులు మీ ఇష్టం."

వైపర్ తిరిగింది. "ఆర్క్." తడిగుడ్డ పిండింది. "ట్విస్ట్." తొమ్మిది బొమ్మలకి తొమ్మిదీ. మేస్త్రీ నోరు తెరిచి చూస్తున్నాడు.

నేను పడేసిన నమూనాల్లోంచి ఒక స్ప్రింగు ఏరి, కాగితం చూసుకుంటూ అడిగాడు అధికారి. "చివరిది. ఇది స్పైరల్, అవునా?"

అవునంటే చాలు, మెషిన్ తనదే. వదిన అవుననలేదు. బల్ల మీది దుమ్ములో వేలితో చుట్లు గీసింది, పరుచుకునేది. తల అడ్డంగా ఊపింది. తర్వాత వేలిని తిప్పుతూ పైకి, ఇంకా పైకి.

"హెలిక్స్ సార్."

అధికారి స్ప్రింగుని చూశాడు, కాగితాన్ని చూశాడు. పెన్ను తీసి ముందు తన కాగితంలోని మాట కొట్టేసి సరిదిద్దుకున్నాడు. ఆ తర్వాతే మార్కులు వేశాడు. పదికి పది.

"మెషిన్ మీదే. ఎప్పుడు మొదలుపెడతారు?"

వదిన అప్పటికే నేల మీద కూర్చుంది. "కాస్త పక్కకి జరగండి సార్," అంది. "ముందు ఈ లూప్ విప్పాలి."