మగసవతి

మొగుడికి పరాయి ఆడదాని మీద మనసు పోతే ఊరంతా పెళ్ళాం వైపు నిలబడుతుంది. నలుగురూ వచ్చి ఓదారుస్తారు, కుదిరితే ఆ రెండోదాని జుట్టు కూడా పట్టుకుంటారు. అదే మొగుడు అరవై ఆరేళ్ళ ముసలాడి వెనకాల తిరుగుతుంటే ఎవరితో చెప్పుకోవాలి? చెప్తే పకపకా నవ్వుతారు. అందుకే వరహాలమ్మ ఏడాదిగా ఎవరితోనూ అనలేదు. లోపల్లోపలే ఉడికిపోయింది.

ఆ ముసలాడి పేరు ఎల్లారావు. రేవులో క్రేను నడిపి నడిపి రిటైరై గోపాలపట్నంలో ఉంటున్నాడు. పెళ్ళాం పోయింది, ముందు పళ్ళు రెండు పోయాయి, సైకిలు ఒకటి మిగిలింది. వరహాలమ్మ మొగుడు తిరుమలరావు ఆటోనగర్లో ఇనప రేకులు కోసే షెడ్డులో మేస్త్రీ. షుగరొచ్చింది, రోజూ సైకిలు తొక్కు అన్నాడు డాక్టరు. సరే అని ఒక సైకిలు కొని, ఆదివారం పూట బీచ్ రోడ్డులో తొక్కే గుంపులో చేరాడు. అక్కడ తగులుకున్నాడు ఈ ఎల్లారావు.

సైకిలు తొక్కితే తొక్కాడు, వరహాలమ్మకి దాంతో పేచీ లేదు. పేచీ అంతా మాటలతోనే. తిరుమలరావు ఆవిడకి మేనత్త కొడుకు, చిన్నప్పట్నుంచీ "బావా" అని పిలిచిన మనిషి. అలాంటి వాడు ఐదారేళ్ళుగా ఇంట్లో నోరు విప్పడం మానేశాడు. "ఏటి కూర వండమంటావు బావా?" అంటే ఉలుకూ లేదు పలుకూ లేదు. గొంతు చించుకుని మళ్ళీ అడిగితే "ఆఁ, ఏదైనా" అంటాడు, అంతే. అదే ఎల్లారావు ఫోన్ చేశాడా, వరండాలోకి వెళ్ళి అరగంట నవ్వులే నవ్వులు! "మామా, మామా" అంటూ. ఆ నవ్వు వంటింట్లోకి వినిపిస్తుంటే వరహాలమ్మ చేతిలో గరిట గిన్నె మీద టంగుమనేది. ఓలమ్మ, ఈ మనిషికి నవ్వొచ్చని కూడా మర్చిపోయాను కదా అనుకునేది. ఆ తర్వాత ఆ రోజంతా ఒళ్ళు మంట.

డిసెంబర్లో ఆ గుంపు పెద్ద ప్రయాణం పెట్టుకుంది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా, రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకి, నలభై మంది, పన్నెండు రోజులు. "ఇచ్ఛాపురం దాకా కారులో ఎల్దాం. కారు నువ్వు ఎనక్కి తెచ్చుకో," అన్నాడు తిరుమలరావు. ఏడాదిలో ఆవిడతో అన్న అతిపెద్ద వాక్యం అదే. డ్రైవింగు నేర్చుకున్నందుకు ఇన్నాళ్ళకి ఒక ఫలితం దక్కింది అనుకుని వరహాలమ్మ ఒప్పుకుంది.

ఒప్పుకోవడానికి అసలు కారణం వేరే. ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు జ్యోతిర్మయి విజయనగరంలో ఆడపిల్లల హాస్టలు నడుపుతోంది. వార్డెనుగా వచ్చెయ్, ఇక్కడే ఉండిపో, గది ఇస్తాను అంటోంది. కూతురు కాకినాడలో చదువుకుంటోంది, ఇంట్లో ఉన్నది గోడలూ, ఆ గోడల్లాంటి మొగుడూ. జ్యోతిర్మయి గడువు పెట్టింది. వస్తానో రానో ఆ శనివారం మధ్యాహ్నం పన్నెండులోగా చెప్పాలి. సరిగ్గా ఇచ్ఛాపురం వెళ్ళే రోజు. దారిలో బావకి ఈ సంగతి చెప్తాను, నోరు తెరిచి ఒక్కసారి వెళ్ళకు అంటే ఆగిపోతాను, అనకపోతే పెట్టె సర్దుకుంటాను. ఇది వరహాలమ్మ తీర్మానం. ఐదుగంటల ప్రయాణంలో, మూడో మనిషి లేని కారులో, ఒక్క మాట రాకపోతుందా అని ఆశ.

కూర్మన్నపాలెంలో ఇంటి నుంచి తెల్లారకుండా బయల్దేరారు, తిరుమలరావే స్టీరింగు పట్టాడు. ఎన్.ఏ.డి. జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి తిరుమలరావు తాపీగా అన్నాడు. "గోపాలపట్నంలో మామని ఎక్కించుకోవాల."

"ఏటీ?"

"మామని. సైకిలు పైన కడతాం."

వరహాలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. సంతకి వెళ్ళే బండిలో కోడిని కట్టినట్టు ఈయన్ని కూడా కట్టుకు తిరగాలా! గోపాలపట్నం మార్కెట్టు దగ్గర ఎల్లారావు సైకిలు పట్టుకుని, చంకలో జీడిపప్పు పకోడీ పొట్లం పెట్టుకుని, పెళ్ళికి వెళ్ళేవాడిలా నవ్వుతూ నిలబడి ఉన్నాడు. మామా అల్లుళ్ళిద్దరూ కారు పైన తాళ్ళు బిగించడానికి పావుగంట పట్టింది. అందులో పది నిమిషాలు నవ్వడానికే.

"అమ్మా, పకోడీ తిను," అన్నాడు ఎల్లారావు, వెనక సీట్లోకి ఎక్కుతూ.

"నాకు పడదు," అంది వరహాలమ్మ. పడుతుంది. చాలా బాగా పడుతుంది.

ఆయన సరిగ్గా డ్రైవరు సీటు వెనకాలే కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చోక ముందుకి వంగి, తిరుమలరావు కుడిభుజం మీద గడ్డం ఆనించినంత పని చేసి, కబుర్లు మొదలెట్టాడు. పెందుర్తి దాటినా ఆ కబుర్లు తెగలేదు. క్రేను మీద చిక్కుకున్న కాకి కథ, గుంపులో ఎవరిదో పగిలిన టైరు కథ. తిరుమలరావు స్టీరింగు మీద చెయ్యి కొట్టి మరీ నవ్వుతున్నాడు. మధ్యలో రెండుసార్లు వరహాలమ్మ "బావా, ఆ లారీ" అనీ, "బావా, నీళ్ళు తాగుతావా" అనీ అంది. పలికితే ఒట్టు! చెయ్యి పట్టుకుని మొగుణ్ణి ఇంట్లోంచి లాక్కుపోయినా ఇంత బాధ ఉండదేమో. కళ్ళ ముందే, తనని పక్క సీట్లో కూర్చోబెట్టి మరీ మొగుణ్ణి లాక్కుపోతున్నాడే ఈ ముసలాడు!

ఆనందపురం దగ్గర ఎల్లారావు వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. జంక్షన్లో విజయనగరం అని పెద్ద బోర్డు వచ్చింది. ఇంతకు మించి మంచి అదను దొరకదు. వరహాలమ్మ కిటికీ వైపు మొహం తిప్పుకుని, గుండె గట్టిచేసుకుని చెప్పేసింది.

"బావా, నాను ఇజీనారం ఎల్లిపోతన్నాను. జ్యోతి హాస్టల్లో ఉద్యోగం ఉంది, అక్కడే ఉంటాను. ఇయ్యాల మద్దేనం లోపు సెప్పాల. నువ్వేటంటావు?"

బోర్డు వెనక్కి వెళ్ళిపోయింది. పైన సైకిళ్ళ చక్రాలు గాలికి గిరగిరా తిరుగుతున్నాయి. తిరుమలరావు అద్దంలో వెనక వచ్చే బండి చూసుకున్నాడు. గేరు మార్చాడు, ముందు పోయే ట్రాక్టరుని దాటాడు. ఆవిడ తగరపువలస దాకా ఎదురుచూసింది. పైడిభీమవరం దాకా చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ పడనివ్వలేదు.

అప్పుడు వెనక నుంచి, "అల్లుడూ, టీ తాగుదామా?" అన్నాడు ఎల్లారావు.

"ఆగుదాం మామా, రణస్థలం దాటాక బాగుంటాది!" అన్నాడు తిరుమలరావు, ఠక్కున.

మొగుడు కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందంటారు. వరహాలమ్మకి తోడికోడళ్ళు లేరు, ఆ లోటు ఈ ముసలాడు తీర్చాడు. అడిగిన ప్రశ్నకి జవాబు వచ్చేసినట్టే అనుకుంది ఆవిడ. ఇరవై నాలుగేళ్ళ కాపరం కన్నా టీ ఎక్కువైపోయింది.

టీ కొట్టు దగ్గర ఆగారు. తిరుమలరావు తాళ్ళు వదులయ్యాయేమోనని కారు అటు పక్కకి వెళ్ళాడు. వరహాలమ్మ ఫోను తీసి జ్యోతిర్మయి నంబరు వెతుకుతోంది. ఎల్లారావు రెండు టీలు పట్టుకుని వచ్చి ఒకటి ఆవిడ ముందు పెట్టాడు.

"అమ్మా, ఆ ఫోను కాసేపు ఆపు."

"నా ఫోనుతో మీకేటి పని?"

"నువ్వు కార్లో సెప్పింది నాను ఇన్నాను. నిద్రపోలేదు. కానీ వాడు ఇన్లేదు."

"పక్కనే కూసుంటే ఇన్లేదేటి?"

"పక్కనే కూసున్నావు గానీ ఎడంపక్కన కూసున్నావు. వాడికి ఎడంసెవి పూర్తిగా పోయింది తల్లీ. ఆరేళ్ళయింది. ఆ రేకులు కోసే మోతకి." ఎల్లారావు కారు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎవరికీ సెప్పనని ఒట్టేయించుకున్నాడు. ఇయ్యాలతో ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేశాను."

వరహాలమ్మ ఫోను టీ గ్లాసు పక్కన పెట్టింది. "మీకు ఎప్పుడు సెప్పాడు?"

"సెప్పలేదు, నానే కనిపెట్టాను. కలిసిన రెండో ఆదివారం. ఎడంపక్క నుంచి పిలిత్తే పలకలేదు, కుడిపక్కకి ఎల్లి పిలిత్తే పలికాడు. ఏట్రా అని అడిగితే ఒప్పుకున్నాడు."

రెండో ఆదివారం! మొగుడి మీద జాలి కలగాల్సిన చోట వరహాలమ్మకి కలిగింది భగ్గుమనే అసూయ. పరాయి మనిషికి రెండో ఆదివారానికే తెలిసిపోయింది. పక్కలో పడుకున్నదానికి ఆరేళ్ళైనా తెలీలేదు. పెళ్ళాం మొగుడికి ఎడంపక్కే ఉండాలని పీటల మీద కూర్చోబెట్టిన రోజున పెద్దలు చెప్పారు. వ్రతానికైనా, మంచం మీదైనా, ఫోటోకి నిలబడినా ఆవిడ ఆ పక్క తప్పలేదు. ఇప్పుడీ కారు కూడా ఎడంపక్కే కూర్చోబెట్టింది. పద్ధతిగా ఉన్నందుకు దక్కింది ఇదన్నమాట.

మళ్ళీ కారెక్కారు. నరసన్నపేట దాటాక వరహాలమ్మ మెల్లగా, "బావా" అంది. అతను రోడ్డు చూస్తున్నాడు. కాస్త పెంచి, "బావా" అంది. రోడ్డే చూస్తున్నాడు. వెనక సీట్లో ఎల్లారావు తల వంచుకున్నాడు. ఆ ముసలాడు తనని చూసి జాలిపడడం అన్నిటికన్నా పెద్ద మంటగా ఉంది ఆవిడకి.

ఇచ్ఛాపురంలో బడి మైదానం నిండా సైకిళ్ళు, పసుప్పచ్చ చొక్కాలు. పదకొండున్నరకి జెండా ఊపుతారట. తిరుమలరావు సైకిలు దింపి గాలి చూసుకుంటుంటే, ఎల్లారావు అతని కుడిపక్కకి వెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. తిరుమలరావు చేతిలోంచి పంపు కిందపడింది. తిన్నగా పెళ్ళాం దగ్గరికి వచ్చాడు.

"వరహాలూ, ఇజీనారం ఎల్లకు."

ఆ ఒక్క మాట కోసమే కదా ఇంత దూరం వచ్చింది! వరహాలమ్మ గుండె ఒక్కసారి ఎగిరింది. వెంటనే మళ్ళీ అనుమానం పుట్టింది.

"ఈ మాట అనమని ఎవరు సెప్పారు?"

"మామ," అన్నాడు తిరుమలరావు. అబద్ధం ఆడడం చేతకాని మనిషి. "ఎల్లి, ఎల్లకు అని సెప్పు అన్నాడు."

ఓలప్పా! చివరికి ఆ మాట కూడా ఆయన నమిలి పెడితే ఈయన మింగుతాడన్నమాట! వరహాలమ్మ గబగబా మొగుడి చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చింది. "ఆయనకి సెప్పినోడివి నాకు సెప్పడానికి నోరు రాలేదేటి? నాను నీకేటి అవుతాను? ఆరేళ్ళు గోడతో మాటాడినట్టు మాటాడాను కదా! నాకెందుకు సెప్పలేదు?"

తిరుమలరావు నేల చూస్తూ అన్నాడు.

"అమ్మకి సెవులు పోయాక నువ్వేటనేదానివో ఇన్నాను కదే. సెవిటి మేళం అనేదానివి. సెవిటోడి ముందు శంఖం అని ఆవిడ ముందే నవ్వేదానివి. ఆవిడ కూడా ఏదో అనుకుని నవ్వేది. అప్పుడు నాకు రెండు సెవులూ బాగానే పంజేసేవి."

వరహాలమ్మ చెయ్యి జడ మీదికి పోయింది. మేనత్త. కన్నతల్లి పోతే తనకి జడలు వేసిన మేనత్త. ముసల్దానికి ఎలాగూ వినబడదులే అని, వంటింట్లోంచి ఎన్నెన్ని మాటలో అంది. విన్నవాడు పక్క గదిలోనే ఉన్నాడు.

విజిలు ఊదారు. అందరూ సైకిళ్ళెక్కుతున్నారు. "ఎల్లు," అంది వరహాలమ్మ. "కానీ ఆయన అనమంటే అన్న మాట నాకొద్దు బావా. దాంతో నాను ఆగను."

తిరుమలరావు ఏదో అనబోయాడు. వెనక నుంచి తోసుకొచ్చారు, సైకిలెక్కాడు, జెండా ఊగింది. నలభై సైకిళ్ళూ బిలబిలమంటూ రోడ్డెక్కాయి. ఎల్లారావు అలవాటుగా తిరుమలరావు కుడిపక్కకి చేరడం వరహాలమ్మ కళ్ళారా చూసింది. ఆ పక్కన ఎంత దర్జాగా తొక్కుతున్నాడో చూడు! ఆవిడ ఫోను తీసి జ్యోతిర్మయికి కలిపింది. అవతల మోగుతోంది.

రోడ్డు మీద ఒకటే గోల. విజిళ్ళు, కేకలు. చూస్తే నలభై సైకిళ్ళకీ ఎదురుగా ఒక సైకిలు వెనక్కి వస్తోంది. ఒకడు తప్పుకోబోయి తుప్పల్లోకి దిగాడు, ఇంకొకడు "పిచ్చెక్కిందేటి గురూ!" అని అరిచాడు. వాళ్ళందరి వెనక నుంచి ఎల్లారావు గొంతు ఖంగుమంది. "అల్లుడూ, ఎనక్కి తిరగకురా! లైను సెడిపోద్ది! ఫోన్లో సెప్పుకోవచ్చు, రారా!"

తిరుమలరావు వచ్చి కారు ముందు బ్రేకు వేశాడు. రొప్పుతున్నాడు. కళ్ళజోడు ముక్కు మీదకి జారింది.

"మామ తిరగొద్దన్నాడు," అన్నాడు. "నానే తిరిగాను. ఎల్లకు. నువ్వు ఎల్లిపోతే నాకు ఉన్న సెవి కూడా ఎందుకు?"

ఫోన్లో జ్యోతిర్మయి హలో, హలో అంటోంది. "రానే, నాను రాను," అని చెప్పి వరహాలమ్మ ఫోను కట్టేసింది. మొగుడి కుడిపక్కకి వెళ్ళి, హెల్మెట్టు పట్టీ పక్కకి జరిపి, వంగి, అరవకుండా మెల్లగా అంది. "అత్తని నాను అలా అనుండకూడదు. తప్పు నాదే బావా."

అతను తల ఊపాడు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. దూరంగా రోడ్డు పక్కన ఎల్లారావు ఒక కాలు నేల మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు. ఆయన్ని చూడగానే వరహాలమ్మకి మళ్ళీ ఎక్కడో చురుక్కుమంది.

"మీ మామకి ఈ పన్నెండు రోజులే ఇత్తన్నాను," అంది ఆ చెవిలోనే. "తడ నుంచి తిరిగొచ్చాక ఈ పక్క నాది. మంచం మీద కూడా. పెద్దలేటన్నా సరే. ఇన్నావా?"

"ఇన్నాను," అన్నాడు తిరుమలరావు.