నల్ల టేపు చుట్టిన కర్ర

నేను ఒక గోల్ఫు కర్రను. పేరుకే కర్రను గానీ నాలో చెక్క పిసరంత కూడా లేదు. తల టైటానియం, ఒళ్ళు గ్రాఫైటు, పట్టుకునేచోట రబ్బరు. ఆట మొదలుపెడుతూ బంతిని అన్నిటికంటే దూరం కొట్టాల్సినదాన్ని కాబట్టి నన్ను డ్రైవరంటారు. ఏదో దేశంలో, ఏదో ఫ్యాక్టరీలో, ఒకే పూట కొన్ని వందలమందిమి పుట్టాం. నా ముఖం మామూలు డ్రైవర్ల ముఖం కంటే కాస్త ఎక్కువగా ఆకాశం వైపు తిరిగి ఉంటుంది. నా కాడ మెత్తన. నెమ్మదిగా తిప్పే చేతుల్లో కూడా బంతిని పైకెత్తగలను. ఇంత గుణం ఇచ్చినవాళ్ళు ఊరుకోకుండా కాడ మీద గులాబీ రంగులో 'ఎల్' అనే అక్షరం అచ్చేశారు. ఆడవాళ్ళ కోసం అని దాని అర్థం. నా బతుకంతా ఆ ఒక్క అక్షరం కిందే నలిగింది.

నేను చేరింది విశాఖపట్నంలో, కొండకీ సముద్రానికీ మధ్యనున్న ఒక క్లబ్బులో, పైడిరాజు కొట్టుకి. పాతికేళ్ళు ఇతరుల గోల్ఫు సంచులు మోసి, తర్వాత ఆ కొట్టు పెట్టుకున్నాడు పైడిరాజు. కర్ర కొనడానికి వచ్చినవాళ్ళు కొట్టి చూస్తుంటే బంతి ఎటు పోయిందో చూడడు. చప్పుడు వింటాడు, కొట్టినవాళ్ళ ముఖం చూస్తాడు. ఎవరికి ఏ కర్ర నప్పుతుందో ఆ రెండింటితోనే తేల్చేస్తాడు.

కొనేవాళ్ళు అలా కాదు, ముందు అక్షరాలు చదువుతారు. నా పక్కన ఒక బిరుసు కాడవాడు ఉండేవాడు. టీవీలో కుర్ర ఆటగాళ్ళు వాడే రకం. వంగి బూటు తాడు కట్టుకోలేని పెద్దమనుషులు కూడా వాడినే కావాలనేవారు. కొనుక్కున్న మర్నాటి నుంచీ వాళ్ళ బంతులన్నీ సరుగుడు తోటలో పడేవి, అయినా కర్ర చంకన పెట్టుకున్నప్పుడు ఆ దర్జాయే వేరు. నన్ను ఎత్తి, అక్షరం చూసి, నిప్పు ముట్టుకున్నట్టు వదిలేసేవారు. క్లబ్బులో ఆడే ఆడవాళ్ళు అయిదుగురే, వాళ్ళ కర్రలు వాళ్ళకున్నాయి. రెండేళ్ళు గోడకి ఆనుకుని ఉండిపోయాను. దుమ్ము దులిపే గుడ్డ తప్ప నన్ను తాకే చెయ్యి లేదు, నాకు చాలా దిగులుగా ఉండేది.

ఒక శుక్రవారం సన్యాసిరావు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు పోర్టులో పైలట్‌గా చేసిన మనిషి. బయట ఆగిన ఓడ ఎక్కి, ఎంత పెద్ద కెప్టెన్‌నైనా పక్కన నిలబెట్టి, దాన్ని రేవులోకి తెచ్చిన ఘనుడు. పెళ్ళి చేసుకోలేదు. వారంలో ఆరు రోజులు ఆయన ఒక్కడే, ఆదివారం మాత్రం నలుగురు. డాక్టర్ పేర్రాజు, మరో ఇద్దరు, ఆయన కలిసి ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నారు. ఆటలో మూడో గుంతకి బంతి పెట్టి కొట్టే చోటుని మూడో టీ అంటారు, దాని ముందు ఒక గెడ్డ పారుతుంది. వరసగా మూడు ఆదివారాలు బంతిని గెడ్డ దాటించలేనివాడు జట్టు నుంచి తప్పుకోవాలన్నది వాళ్ళ రూలు. చేతుల్లో సత్తువ ఉన్న రోజుల్లో దాన్ని పెట్టింది సన్యాసిరావే. గుండెకి స్టెంట్లు వేశాక రెండు ఆదివారాలు ఆయన బంతి నీళ్ళలో పడింది. ఎల్లుండి మూడోది.

"పేర్రాజు దగ్గరున్నదానిలాంటిది ఇయ్యి," అన్నాడు, కూర్చోకుండానే.

పైడిరాజు అలాగేనని తలూపి లోపలికి వెళ్ళాడు. ఆరు కర్రలు తీసి, అన్నిటి అక్షరాల మీదా నల్ల టేపు చుట్టి పట్టుకొచ్చాడు. "ఏది ఏటో నాను సెప్పనండి. ఓపాలి కొట్టి సూడండి బాబూ."

బిరుసు కాడవాడితో కొడితే బంతి గడ్డిలో దొర్లుకుంటూ పోయింది. తర్వాతి మూడూ అంతే. అయిదోసారి నేను ఆయన చేతికొచ్చాను. చేతిలో సత్తువ తగ్గింది, పట్టు మాత్రం ఓడలు నడిపినవాడి పట్టే. తిప్పాడు. బంతి లేచింది, తాపీగా పైకి పోతూనే ఉంది. పైడిరాజు ఎప్పటిలాగే బంతిని చూడలేదు. సన్యాసిరావు ముఖం చూసి ఆరో కర్ర లోపల పెట్టేశాడు.

"ఈ టేపు తీసెయ్యనా?" అన్నాడు సన్యాసిరావు.

"ఉండనీండి. ఇప్పకండి."

ఆయన ఒక్క క్షణం పైడిరాజు వైపు చూశాడు. టేపు అంచుని వేలితో అదిమి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. ఓడలు నడిపిన మనిషికి ఆ మాత్రం తెలియక కాదు.

ఆ ఆదివారం గెడ్డ దాటాం. తర్వాత పన్నెండు ఆదివారాలు దాటాం. ఆయన సంచిలో నాకు ముఖ్యమైన అర, తల మీద ఉన్ని టోపీ. ప్రతిసారీ కొట్టబోయే ముందు ఆయన బొటనవేలు టేపు అంచుని ఒకసారి అదిమి చూసుకునేది. నా బతుకులో సుఖపడిన రోజులు అవే.

మే నెల ఎండకి టేపు జిగురు కరిగింది. మూడో టీ దగ్గర నన్ను పక్కన ఆనించి ఆయన నీళ్ళు తాగుతుంటే పేర్రాజు కొస పట్టుకుని లాగాడు.

"ఒరే సన్యాసీ, ఇది ఆడవాళ్ళ కర్రరా. మూణ్ణెల్ల నుంచీ దీంతోనా మమ్మల్ని ఏడిపిస్తున్నావు? ఓ చీర కూడా తెప్పించమంటావేంటి?"

ముగ్గురూ నవ్వారు. అందరికంటే గట్టిగా సన్యాసిరావే నవ్వాడు. ఆ నవ్వు ఎంత అబద్ధమో నాకొక్కదానికే తెలుసు, ఎందుకంటే వెంటనే నన్ను పట్టుకున్న ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

మరుసటి ఆదివారం పాత కర్ర తెచ్చాడు, నేను కారు డిక్కీలో ఉన్నాను. గెడ్డ దాటలేదు. ఆ పైవారం, దాని పైవారం కూడా దాటలేదు. ఆ మూడో ఆదివారం ఆట అయ్యాక డిక్కీ మూత తెరిచి సంచి లోపల పెడుతూ, "రూలు రూలే," అన్నాడు. ఆ రూలూ గీలూ ఎవడిక్కావాలిరా, వచ్చేవారం ఆరింటికి వచ్చెయ్యి, అని ఒక్కడు అని ఉంటే సరిపోయేది. మనుషులు నవ్వడానికి సిద్ధంగా ఉంటారు, ఆ ఒక్క ముక్క అనడానికి మాత్రం వాళ్ళకి నోరు రాదు. "నీ ఇష్టం," అన్నాడు పేర్రాజు. సన్యాసిరావు స్థానంలో నేవీలో పనిచేసే ఒక కమాండర్ని చేర్చుకున్నారు.

సన్యాసిరావు నన్ను తెచ్చి కొట్టులో బల్ల మీద పెట్టాడు. "ఇది నాది కాదు పైడిరాజూ. ఎవరో నా సంచిలో మర్చిపోయారు."

అమ్మింది తనే అయినా పైడిరాజు అలాగేనన్నాడు. నేను మళ్ళీ గోడ దగ్గరికి పోయాను. ఇంతకుముందు ఏ చెయ్యీ తెలియదు కాబట్టి దిగులు ఇంత అని తెలిసేది కాదు, ఇప్పుడు తెలిసింది.

ఏడాదిన్నర తర్వాత, మిట్టమధ్యాహ్నం, కొట్టులో ఎవరూ లేని వేళ చూసుకుని పేర్రాజు వచ్చాడు. నడుముకి ఆపరేషన్ అయింది. ఊళ్ళో సగం మంది ఎముకలు అతికించిన డాక్టరు సగం కూడా ఒళ్ళు తిప్పలేకపోతున్నాడు.

"సన్యాసిరావు కర్ర ఉందా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ బాబు అది తనది కాదన్నారండి."

పేర్రాజు తల దించుకున్నాడు. "టేపు చుట్టివ్వు. రెండు వరసలు."

అలా ఆయన చేతిలోనూ గెడ్డ దాటాను. నాలుగో ఆదివారం కమాండర్ ముచ్చటపడి, "ఈ వయసులో ఏం కొడుతున్నారండీ డాక్టరుగారూ," అన్నాడు. ఆ మెచ్చుకోలు ఎక్కడ గుచ్చుకుందో ఏమో, పేర్రాజు గోటితో టేపు గీరి మొత్తం ఊడదీశాడు.

"ఆడవాళ్ళ కర్రండీ ఇది."

కమాండర్ అక్షరం చదివాడు. "అయితే ఏంటండీ? దాటింది కదా," అని తన బంతి పెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. పాత స్నేహితులిద్దరూ కూడా నవ్వలేదు. ఇంత తేలికైన సంగతి ఆనాడు అంత బరువెందుకైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పేర్రాజు అక్కడే సిమెంటు బెంచీ మీద కూలబడి, నన్ను మోకాళ్ళ మీద పెట్టుకుని, ఫోన్ చేశాడు.

"సన్యాసీ, నేను. నీ కర్ర నా దగ్గరుందిరా. దీంతోనే ఆడుతున్నాను. అందరికీ చూపించేశాను. వచ్చేవారం రా."

అవతలి గొంతు నాకూ వినపడింది.

"ఏ కర్ర?" అన్నాడు సన్యాసిరావు. "నాకలాంటిదేం లేదే." ఫోన్ పెట్టేశాడు. పేర్రాజు నన్ను ఊతగా పట్టుకుని బెంచీ మీంచి లేచాడు.

ఇప్పుడు నా కాడ మీద టేపు లేదు, జిగురు మరక ఒకటి మిగిలింది. ఆ మరక మెరిసే ఎండలో మూడో టీ దగ్గర నిలబడితే గెడ్డకి అవతల, కంచె బయట, కొండకి పోయే రోడ్డు కనిపిస్తుంది. ఆదివారం ఏడింటికి తెల్ల టోపీ పెట్టుకున్న ఒక మనిషి ఆ రోడ్డున నడుస్తూ వచ్చి అక్కడ ఆగుతాడు. పేర్రాజు ఆయన్ని చూస్తాడు. చెయ్యి ఊపడు, రెండోసారి కాదనిపించుకునే ధైర్యం లేదు. మెల్లగా నన్ను తిప్పుతాడు. తాపీగా, ఎత్తుగా లేచే ఆ బంతిని ఎవరి కర్ర కొట్టిందో ఆ టోపీ మనిషికి తెలుసు. అది గెడ్డ దాటి గడ్డి మీద పడేదాకా నిలబడి చూస్తాడు. తర్వాత కొండ వైపు నడిచి వెళ్ళిపోతాడు.